ఎనిమిది కాలేజీలు, ఏడు శనివారాలు: డెల్టా ఫుట్‌బాల్‌కి సీజన్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలకు ఏడాది స్పోర్ట్స్ క్యాలెండరు వేసే రోజులివి కాబట్టి ఈ ఉత్తరం. గోదావరి జిల్లాల్లో అంతర కళాశాలల ఫుట్‌బాల్ ఎలా జరుగుతుందో ఆ వైపు తొంగిచూసిన వాళ్లందరికీ తెలుసు. ఏదో ఒక కాలేజీ ముందుకొస్తుంది. రెండు మూడు రోజుల్లో నాకౌట్ ముగించేస్తారు. ఆఖరి రోజు సెలక్షన్లు, సాయంత్రం కప్పు, ఫొటో. మళ్లీ ఏడాదికే. పదహారు జట్లు వస్తే మొదటి రౌండులోనే ఎనిమిది జట్లు సంచులు సర్దుకుంటాయి. డ్రాలో గట్టి జట్టు తగిలిందంటే ఆ కుర్రాళ్లకు ఏడాది మొత్తానికి దక్కేది ఒక్క మ్యాచ్. అదైనా తొంభై నిమిషాలు కాదు. ఒక్క గ్రౌండు మీద రోజుకు అయిదారు మ్యాచులు లాగించాలి గనక సగానికి పాతికో ముప్ఫయ్యో నిమిషాలకు కుదించేస్తారు. గెలిచిన జట్టు పాట్లు ఇంకోలా ఉంటాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మర్నాడు సెమీఫైనల్, ఆపైన ఫైనల్. మూడో మ్యాచ్‌కి వచ్చేసరికి పిక్కలు పట్టేసి కూలబడ్డ వాళ్లను మోసుకురావడమే సరిపోతుంది.

అడిగేది ఒక్కటే. దగ్గర దగ్గర ఊళ్ల కాలేజీలను ఎనిమిదేసి చొప్పున ఒక గుంపుగా కట్టండి. వారానికొక మ్యాచ్, ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఒక్కోసారి. మొత్తం 28 మ్యాచులు, ఏడు శనివారాలు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఇలా కాన్ఫరెన్సులనే గుంపుల మీదే నడుస్తుంది. కోలబంతి చేతపట్టుకుని పరిగెత్తే ఆ ఆటకూ మన కాలి ఆటకూ సంబంధం లేదు గానీ, సీజన్ కట్టిన తీరు చూసి నేర్చుకోదగ్గది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటివి ఉన్న ఐవీ లీగ్‌లో సరిగ్గా ఎనిమిది యూనివర్సిటీలే. 1956 నుంచి, కొవిడ్‌కు ఆగిన 2020 తప్పించి, ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఏటా ఒక్కోసారి ఆడుతుంది. పట్టికలో పైనున్నదే విజేత, ఫైనల్ అంటూ ఉండదు. ఇద్దరు సమానంగా నిలిస్తే టైటిల్ ఇద్దరికీ. దేశస్థాయి ప్లేఆఫ్‌లకు 2024 దాకా వెళ్లనే లేదు, సొంత సీజనే వాళ్లకు గొప్ప. దీనికి ఎదురు ఉదాహరణా అక్కడే ఉంది. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సు పేరుకే పది, 2024 నుంచి అందులో 18 జట్లు. ఒక్కో జట్టు తోటివాళ్లలో తొమ్మిది మందితోనే ఆడగలదు, మిగతా ఎనిమిది మంది మొహం ఆ ఏడాది చూడనే చూడదు. ఎవరికి సులువైన తొమ్మిది తగిలాయి, ఎవరికి కష్టమైనవి తగిలాయన్న తగువు సీజన్ పొడుగునా నడుస్తుంది. అందుకే మన దగ్గర పదహారు కాలేజీలుంటే రెండు ఎనిమిదులు చేయండి. ఒక్క పదహారు చేయొద్దు.

ఇక అసలు విషయం, ఎప్పుడు ఆడాలన్నది. డెల్టాలో ఏ నెల చూసినా ఆటకు ఏదో ఒకటి అడ్డమే. జూలై, ఆగస్టుల్లో వాన, గోదావరికి ఎర్రనీరు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. కోనసీమను ముంచిన తుపాను వచ్చింది 1996 నవంబరు 6న. ఆ వెనకే సార్వా (వానకాలం వరి) కోతలు, అప్పుడు కాలేజీ గ్రౌండులో ధాన్యం ఆరబోస్తారు, బరకాలు పరుస్తారు. తడిసిన ధాన్యంతో వచ్చిన రైతును పొమ్మనే పీడీ (కాలేజీ ఆటల మాస్టారు) ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. సంక్రాంతి దాటాక నేల బాగుంటుంది గానీ మార్చి వచ్చేసరికి రేగడి నెర్రెలిస్తుంది, పరీక్షలూ తరుముకొస్తాయి.

దీనికి మందు ఫిక్స్చర్లను నేలను బట్టి వేయడం. నరసాపురం, రాజోలు దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇసుక నేలలు ఎక్కువ. గంట వాన పడినా రెండు గంటల్లో బంతి దొర్లుతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు బరువు నేలలు. అక్కడ ఒక్క జల్లు పడితే రెండు రోజులు బూటు పైకి రాదు. ఎనిమిదింటిలో ఇసుక గ్రౌండో, మెరక చేసిన గ్రౌండో ఉన్న కాలేజీలు నాలుగింటిని ఒక వరుసగా, బరువు నేలలవి నాలుగింటిని ఇంకో వరుసగా చీటీలు రాసి బల్లమీద ఎదురెదురు పేర్చండి. ఎదురుగా ఉన్నవి మొదటి శనివారం ఆడతాయి. ఎడమ వరుస కదపకుండా కుడి వరుసను వారానికో మెట్టు కిందికి జరపండి, అడుగున ఉన్న చీటీ పైకొస్తుంది. నాలుగు శనివారాల్లో పదహారు మ్యాచులూ వచ్చేస్తాయి, అన్నీ ఇసుక గ్రౌండుల మీదే. ఇది వానకాలం వాటా. సంక్రాంతి తర్వాత ఏ వరుస జట్లు ఆ వరుసలో తలపడతాయి. ఒకటి-రెండు, మూడు-నాలుగు. తర్వాతి వారం ఒకటి-మూడు, రెండు-నాలుగు. ఆ పై వారం ఒకటి-నాలుగు, రెండు-మూడు. ఈ పన్నెండు మ్యాచులూ బరువు నేలల మీద, శనివారానికి రెండు గ్రౌండులు, గ్రౌండుకు రెండు మ్యాచులు. ఇసుక జట్లు రెండూ ముందు, గ్రౌండు సొంతదారు ఆడే మ్యాచ్ తర్వాత.

ఇందులో ఒక అన్యాయం ఉంది, దాచడం దేనికి. ఇసుక వరుస జట్టుకు నాలుగు మ్యాచులు సొంత గ్రౌండులో, బరువు నేల జట్టుకు ఒకటో రెండో మాత్రమే. దానికి బదులుగా వానకాలం ప్రయాణ ఖర్చులో సగం ఆతిథ్యమిచ్చే కాలేజీ పెట్టుకోవాలి. అయినా మోకాలి లోతు బురదలో సొంత మ్యాచ్ కంటే ఆరిన నేల మీద పరాయి మ్యాచ్ నయం.

మొదటి వాటాను ఆగస్టు మూడో శనివారం మొదలుపెడితే సెప్టెంబరు చివరికి కనీసం ఆరు శనివారాలు దొరుకుతాయి. నాలుగు ఆటకు, రెండు వరదకు. వాయిదా ఎప్పుడన్నది ఎవరి ఇష్టానికీ వదలకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటి విడుదల 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక ఉన్న రోజు పంటు (రేవు దాటించే పడవ) మీద రావాల్సిన జట్టు చించినాడ వంతెన మీదుగానో సిద్ధాంతం మీదుగానో చుట్టు తిరిగి రావాలి, మ్యాచ్ గంట ఆలస్యంగా మొదలుపెట్టాలి. రెండో హెచ్చరిక వస్తే పాయ దాటాల్సిన మ్యాచులన్నీ తమంతట తామే వాయిదా, వాకోవర్ ప్రసక్తి లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఆగిపోయి గట్టున నిలబడ్డ జట్టుకు మూడు గోల్స్ తేడాతో ఓటమి రాసే పద్ధతి పోవాలి.

యూనివర్సిటీ జట్టు సెలక్షన్ సంగతేమిటని అడుగుతారు. సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీ)కి బయల్దేరే లోపు సెలక్టర్లు ప్రతి కుర్రాణ్నీ నాలుగు పూర్తి మ్యాచుల్లో చూసి ఉంటారు. ఇప్పుడు చూసేది ఒక్క పూట.

గ్రౌండుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, కాళ్లు విరిగేది అక్కడే. మన కాలేజీ గ్రౌండులకు పెద్ద శత్రువు వాన కాదు, రాట గుంత. సభ జరుగుతుంది, ఎగ్జిబిషన్ జరుగుతుంది, రాటలు పీకేసి గుంతలోకి కాలితో మట్టి తోసేసి వెళ్లిపోతారు. పైకి చదునుగానే కనిపిస్తుంది. మొదటి వానకు ఆ వదులు మట్టి కూరుకుపోయి జానెడు లోతు బిలం తయారు, దాని మీద గడ్డి పరుచుకుంటుంది. పరిగెత్తేవాడి మడమ అందులో దిగితే చీలమండ మెలిపడుతుంది, మోకాలి లిగమెంటు తెగుతుంది. పూడ్చే పద్ధతి ఇది. వదులు మట్టి మొత్తం బయటకు తోడేయాలి. అదే నేల మట్టిని కొద్దిగా తడిపి పది సెంటీమీటర్ల పొరలుగా వేస్తూ ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టాలి. ఆఖరి పొర నేల మట్టం కంటే అంగుళం ఎత్తు ఉండాలి, ఎలాగూ దిగుతుంది. సీజన్‌కి ముందు ఇద్దరు మనుషులు ఇనుప చువ్వలు పట్టుకుని రెండేసి అడుగులకు ఒకసారి గుచ్చుకుంటూ గ్రౌండంతా నడిస్తే దాగిన గుంతలన్నీ బయటపడతాయి, షామియానా మేకులు కూడా. గ్రౌండు అద్దెకిచ్చే ముందు పూడ్చివేతకని డిపాజిట్టు తీసుకోవాలి. పూడ్చింది చువ్వతో పరీక్షించాకే వెనక్కివ్వాలి.

నీరు నిలిచే గ్రౌండుకు మనవాళ్లు చేసే వైద్యం నాలుగు ట్రాక్టర్ల ఇసుక తోలించి రేగడిలో కలపడం. అది చేయొద్దు. రేగడిలో కొద్దిపాటి ఇసుక కలిస్తే నీరు దిగదు సరికదా ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. డెల్టాలో భూగర్భ జలం పైకే ఉంటుంది, నీటిని కిందికి దింపాలని చూడటం దండగ, పక్కకు నడపాలి. గ్రౌండు నడుమ గూనిలా ఎత్తు పెట్టి రెండు పక్కలకూ నూటికి ఒకటి వాలు ఇవ్వాలి. 64 మీటర్ల వెడల్పుకు నడుమ నుంచి గీత దాకా 32 మీటర్లు, అంటే మధ్యలో 32 సెంటీమీటర్ల ఎత్తు. కంటికి తెలియదు, బంతికీ తెలియదు, నీటికి తెలుస్తుంది. పక్క గీతకు కనీసం మూడు మీటర్ల అవతల బోదె తవ్వి దాన్ని ఊరి మురుగు కాలువలో కలపాలి. బోదె కడుపులో గుర్రపుడెక్క పేరుకుంటే ఇంత పనీ వృథా, నెలకోసారి తీయించాలి. రోలరు లాగే వేళ కూడా ముఖ్యం. గుప్పెడు మట్టి తీసి ముద్ద చేస్తే అరచేతికి అంటుకుంటోందంటే రోలరు తేవద్దు, నేల అడుగున గడ్డకట్టి ఆ తర్వాత నీరు అసలే పీల్చదు. ముద్ద నిలిచి, చేతికి అంటకుండా, నొక్కితే పొడవుతుంటే అదీ వేళ. జనవరి తర్వాత నెర్రెలివ్వకుండా వారానికి రెండుసార్లు తడపాలి, మ్యాచ్‌కి ముందు రోజు మాత్రం వద్దు.

గీతలు సున్నంతో గీయడం ఇంకా మానలేదు. తడి నేల మీద పొడి సున్నం చర్మాన్ని కాలుస్తుంది. జారిపడ్డ గోలీ కంట్లో పడితే చూపుకే ముప్పు. ముగ్గుపిండి వాడండి. 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గ్రౌండులో చుట్టు గీత 328 మీటర్లు. మధ్య గీత, రెండు పెనాల్టీ ఏరియాలు, గోల్ ఏరియాలు, 9.15 మీటర్ల వ్యాసార్ధంతో నడిమి వృత్తం, వంపులు అన్నీ కలిపితే మొత్తం సుమారు 700 మీటర్లు. మీటరుకు 50 గ్రాములు రాల్చినా 35 కిలోలు. నైలాన్ తాడుతో కొలవొద్దు, సాగుతుంది. ఇనుప టేపు పట్టుకోండి. మూల లంబంగా వచ్చిందా లేదా అన్నది 9, 12, 15 మీటర్ల త్రిభుజంతో తేలుతుంది. నాలుగు మూలలూ పాతాక మూలకి మూల కొలిస్తే రెండు వైపులా 118.73 మీటర్లు రావాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా వచ్చిందంటే గ్రౌండు వాలిపోయినట్టే, గీతలు మొదలుపెట్టకముందే సరిచేయాలి. గోల్ ఎత్తు 2.44 మీటర్లని ఒకసారి కొలిచి వదిలేస్తారు. గోలీ నిలబడే చోట నెలలో గొయ్యి పడుతుంది, పైకడ్డీ కిందికి కొలిస్తే 2.50 తేలుతుంది. ప్రతి మ్యాచ్‌కీ కొలవాలి, గొయ్యి పూడ్చాలి. కదిలే గోల్ స్తంభాలైతే వెనక కడ్డీని నేలకు బిగించకుండా ఆట మొదలుపెట్టకూడదు.

బంతి సంగతి. బరువు 410 నుంచి 450 గ్రాములు, గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు. బొటనవేలితో నొక్కి చూసే పరీక్ష పనికిరాదు, గేజీ ఉండాలి. సైకిల్ షాపులో పొడి నీడిల్ గుచ్చి కొట్టిస్తే వాల్వు చిరుగుతుంది. ఒక చుక్క గ్లిజరిన్ రాసి గుచ్చాలి. దారపు కుట్టు బంతి తడి నేల మీద నీరు తాగి బరువెక్కుతుంది, కాబట్టి వానకాలం వాటాకు కుట్టు లేని అతుకు బంతులే తెప్పించాలి.

మ్యాచ్ వేళలు పొద్దును బట్టి ఉండాలి. తొంభై నిమిషాల ఆటకు విరామం, అదనపు సమయం కలిపి దాదాపు రెండు గంటలు పోతాయి. ఆగస్టులో నాలుగింటికి మొదలుపెట్టినా ఫర్వాలేదు. సెప్టెంబరు చివర్లో మూడుమ్ముప్పావు దాటకూడదు. సంక్రాంతి తర్వాత రెండు మ్యాచులున్న రోజు ఒకటిన్నరకు ఒకటి, మూడున్నరకు ఒకటి. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో ప్రతి సగంలోనూ ముప్ఫయ్యో నిమిషం దగ్గర మూడు నిమిషాలు చల్లబడే విరామం ఇవ్వాలి, నియమావళి ఒప్పుకుంటుంది. కోనసీమలో కొబ్బరి బొండాలకు కరువు లేదు గానీ అవే చాలనుకోవద్దు. బొండం నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, చెమటలో పోయే సోడియం మాత్రం వాటిలో తక్కువ. లీటరు నీళ్లకని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్టును సరిగ్గా లీటరులో కలిపి పెట్టండి. మెరుపు మెరిశాక ముప్ఫయ్ సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే ఆట ఆపేయాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు, కొబ్బరిచెట్ల కింద అసలే నిలబడొద్దు. గేదెలు మేసే గ్రౌండు మీద మోకాలు గీరుకుంటే టెటనస్ టీకా వేసి ఎన్నేళ్లయిందో అడగాలి. మురికి గాయానికి అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. ఈ వివరం జట్టు రిజిస్టరులో ముందే రాసి ఉంటే ఆ పూట వెతుక్కోనక్కర్లేదు.

అరువు ఆటగాళ్లు మన దగ్గర పాత జబ్బు. మూడు రోజుల టోర్నమెంటులో నిజం తేలేసరికి కప్పు ఊరెళ్లిపోతుంది. సీజన్‌కి ముందే పాతిక మంది పేర్లు, ఫొటోలు, పదో తరగతి మెమో నకలు, ప్రిన్సిపాల్ సంతకంతో ఒకే పుస్తకంగా కుట్టి ఎనిమిది కాలేజీలకూ తలో ప్రతి ఇస్తే చాలు. మ్యాచ్‌కి ముందు ఎదుటి కెప్టెన్ పుస్తకం తెరిచి మొహాలు చూసుకుంటాడు. అభ్యంతరమేదైనా కిక్కాఫ్ ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, ఓడిపోయాక కాదు. కార్డులకు విలువ వచ్చేదీ సీజన్‌లోనే. మూడు పసుపు కార్డులకు ఒక మ్యాచ్ నిషేధం అంటే కుర్రాడు కాలు అడ్డం పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్ చూడాలి, గోల్ తేడా ఆ తర్వాతే. బలహీనమైన జట్టు మీద పదకొండు గోల్స్ కొట్టి పట్టిక ఎక్కే అలవాటుకు అది కళ్లెం. జట్టు మధ్యలో మానుకుంటే నాలుగు మ్యాచులు పూర్తికాకముందైతే ఫలితాలన్నీ కొట్టేయాలి, తర్వాతైతే మిగిలిన మ్యాచులు ఎదుటివాళ్లకు మూడు-సున్నా. ఆఖరి శనివారం పట్టిక పైభాగాన్ని తేల్చే మ్యాచులు వేర్వేరు గ్రౌండుల మీద ఒకే వేళకు పెట్టాలి. 1982 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమకు సరిపోయే స్కోరు రాగానే కాళ్లీడ్చుకుంటూ ఆడాక, గ్రూపు ఆఖరి మ్యాచులు ఒకేసారి ఆడించడం 1986 నుంచి మొదలైంది. అందుకని ఏడో శనివారం జంట మ్యాచుల వరుసను అవసరాన్ని బట్టి తారుమారు చేసుకోవచ్చు. రెఫరీ మాత్రం ఎప్పుడూ పాయకు అవతలి గట్టు మనిషే. ఆతిథ్య కాలేజీ పీడీ చేతిలో విజిల్ ఉండకూడదు.

మీ పత్రికను కోరేది చిన్న సాయం. శనివారం రాత్రి ఎనిమిదిలోగా నాలుగు స్కోర్లు మీ విలేకరులకు చేరతాయి. సోమవారం జిల్లా పేజీలో ఎనిమిది వరుసల పట్టికకు చోటివ్వండి. ఆడినవి, గెలిచినవి, డ్రా, ఓడినవి, గోల్స్, పాయింట్లు. వాయిదా పడ్డ మ్యాచ్ ఉంటే కింద ఒక్క వాక్యం, కొత్త తేదీతో.

ఇట్లు,
కాలేజీ పీడీలు, ఫుట్‌బాల్ రెఫరీలు కొందరు
అమలాపురం, పాలకొల్లు, భీమవరం